కుర్చీల లెక్కా ఆమెదే, ప్రెస్ నోటూ ఆమెదే!
డిగ్రీ విద్యార్థినికి సమాచార శాఖలో కొలువు లాంటి శిక్షణ

2024 ఆగస్టు 15. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. జిల్లా కేంద్రంలోని పోలీసు పెరేడ్ మైదానంలో షామియానాల కింద ఒక అమ్మాయి కాగితం చేత పట్టుకుని కుర్చీలు లెక్కబెడుతోంది. ముందు వరుస స్వాతంత్ర్య సమరయోధుల కుటుంబాలకు, ఆ పక్కన ప్రజాప్రతినిధులకు, వెనుక అధికారులకు, ఓ మూల విలేకరులకు. ముందు వరుసలో రెండు తక్కువ వచ్చాయి. విలేకరుల వైపు నుంచి రెండు తెచ్చి వేయించింది. విలేకరులు ఎలాగూ నిలబడే ఉంటారు.

చూసినవారు ఆమె ఏదో శాఖలో కొత్తగా చేరిన ఉద్యోగిని అనుకున్నారు. నిజానికి బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్న పల్లెటూరి విద్యార్థిని. తండ్రి కౌలు రైతు. పౌర సంబంధాల కార్యాలయంలో ఇంటర్న్‌షిప్ చేస్తోంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీలో చేరిన వారి నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ విధిగా చేయాలన్న నిబంధన వచ్చింది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు ఊళ్లలో సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక మరో రెండు నెలలు, ఆఖరి ఏడాది ఒక సెమిస్టరు మొత్తం ఏదో ఒక సంస్థలో పని. కామర్స్ వారు ఆడిటర్ల ఆఫీసులకు పోతారు. సైన్సు వారికి ల్యాబులు ఉన్నాయి. బి.ఏ. వారికే చోటు వెతుక్కోవడం కష్టం. ఈమె లెక్చరరు సలహాతో సమాచార శాఖ గడప తొక్కింది.

సమాచార శాఖ అంటే మంత్రుల వెంట ఫొటోలు తీయించే శాఖ అని చాలామంది అనుకుంటారు. అదీ కొంత నిజమే. అయితే పొద్దున్నే పత్రికలన్నీ తిరగేసి, జిల్లా వార్తలు వేరు చేసి, ఫలానా ఊళ్లో కుళాయి నీళ్లు రావడం లేదన్న వార్త ఏ శాఖకు చెందుతుందో చూసి వారికి పంపేది కూడా ఈ కార్యాలయమే. సోమవారం కలెక్టరేటులో అర్జీల స్వీకరణ, మిగతా రోజుల్లో సమీక్షా సమావేశాలు. సాయంత్రంలోగా ప్రెస్ నోట్ విలేకరులకు చేరాలి.

ఆ నోటు దగ్గరే ఆమెకు గట్టి దెబ్బ తగిలింది. దివ్యాంగుల సదరం శిబిరం గురించి ఆమె రాసిన నోటులో తేదీ, ఆసుపత్రి, వచ్చే అధికారుల పేర్లు, హోదాలు అన్నీ ఉన్నాయి. ముందుగా స్లాటు తీసుకున్న వారినే పరీక్షిస్తారన్న ఒక్క వాక్యం మాత్రం లేదు. పైవారూ చూసుకోలేదు. నోటు ఉన్నదున్నట్టు అచ్చయింది. శిబిరం రోజున ఫొటోల కోసం వెళ్లిన ఆమెకు, నడవలేని కొడుకును ఆటోలో ఎక్కించుకుని వచ్చిన ఒక తల్లి ఎదురైంది. పత్రిక ముక్క చూపించి, ‘‘ఇందులో రమ్మన్నారు కదమ్మా! ఆటో కిరాయి ఎవరిస్తారు?’’ అని అడిగింది. ఆ నోటు రాసింది తానేనని చెప్పుకోలేకపోయింది.

ఆనాటి నుంచి ఎవరు రావాలి, ఏ కాగితాలు తేవాలి అన్నది మొదటి రెండు వాక్యాల్లోనే పెట్టసాగింది. అధికారుల పేర్లు కిందికి దిగాయి. దీనిపై కార్యాలయంలో కొంత చర్చ కూడా జరిగినట్లు తెలిసింది.

‘‘పేపరు చదివేవాళ్లకే కబురు చేరితే ఎట్లా అమ్మాయ్?’’ అనేవాడు అక్కడి పాత అటెండరు. పూర్వం సినిమా వ్యాను ఊళ్లోకి పోతే ముందు పల్స్ పోలియో సంగతి చెప్పి, ఆ తర్వాతే బొమ్మ వేసేవారట. డప్పు చాటింపు వేయిస్తేనే జనం కదిలేవారట.

ఇక జెండా పండుగ పనులు వారం ముందు నుంచే మొదలయ్యాయి. శకటాల వరుస, ప్రశంసా పత్రాల జాబితా, ఫొటో ప్రదర్శన. 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా అందించిన పింగళి వెంకయ్య చిత్రం కింద వ్యాఖ్య రాసింది ఆమే. ఆగస్టు 15న జెండాను కింది నుంచి పైకి లాగి ఎగురవేస్తారని, జనవరి 26న పైనే ముడిచి కట్టిన జెండాను విప్పుతారని ఒక కానిస్టేబుల్ తాడు పట్టుకుని మరీ చూపించాడు.

ఇంత పనికీ పైసా భత్యం లేదు. రానూపోనూ బస్సు చార్జీలు ఇంట్లో వారే పెట్టుకున్నారు. మొదటి బస్సు ఏడింటికి గాని రాదు కనుక పద్నాలుగో తేదీ రాత్రి పట్నంలో పిన్నిగారింట పడుకుంది. సరిగ్గా ఏడాదికి, 2025 ఆగస్టు 15 నుంచి, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టిక్కెట్టు తీసేశారు. అలా తర్వాత వచ్చిన అమ్మాయిలకు చార్జీల బాధ తప్పింది. అబ్బాయిలకు తప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఉత్సవాల ప్రెస్ నోటు పంపి, ఇల్లు చేరి, లాగ్ బుక్కు తీసింది. మొదటి వాక్యం ‘‘ముందు వరుసలో రెండు కుర్చీలు తక్కువ వచ్చాయి’’ అని రాసింది. కాలేజీలో లెక్చరరు అది చదివి, ఇదీ రాయాలా అమ్మా అని నవ్వారు. కొట్టివేయకుండా సంతకం పెట్టారు.