అరకులోయలో హై-ఫై సాయంకాలం

మేలురకపు ధ్వనియంత్రాల ప్రదర్శనలను గురించి మన పాఠకులలో కొందరైనా వినియుంటారు. వాటిలో మిక్కిలి పేరుపొందినది జర్మనీలోని మ్యూనిక్ నగరంలో 2004 నుండి 2025 వరకు జరుగుతూ వచ్చినది. అక్కడ వరుసగా గదులు. ప్రతి గదిలోను మెత్తని కుర్చీలు, కన్నులు మూసుకొని వినే శ్రోతలు. కొన్ని స్పీకర్ల జత ధరతో మన పట్టణాలలో ఒక ఇల్లు కొనవచ్చును. ఒకప్పుడు ఆ శ్రోతలలో నడివయస్సు దాటిన పురుషులే ఎక్కువ. రానురాను యువతీయువకులు కూడ చేరుతున్నారు. వారిలో పెక్కుమందికి స్పీకర్లకంటె హెడ్‌ఫోన్ల మీదనే మక్కువ.

హై ఫిడెలిటీ అనగా మూలధ్వనిపట్ల యంత్రం చూపే విశ్వాసం. అట్టి ప్రదర్శనలలో వినిపించే గాయని గొంతును ఎదుట కూర్చుండి విన్నవారు ఆ గదిలో ఎందరు? ఉన్నది ఉన్నట్లు వినిపించినదని తీర్పు చెప్పవలెనంటే, ఉన్నదేదో ఎరిగినవాడు ఒకడైనా ఉండవలె గదా! ఈ సందేహానికి నాకు సమాధానం దొరికినది మ్యూనిక్‌లో కాదు, అరకులోయలో.

కొన్నేండ్ల క్రిందట ఒక పుష్యమాసంలో థింసా నృత్యవాద్యాలను రికార్డు చేయడానికి అక్కడికి వెళ్లినాను. విశాఖపట్టణంలోని మిత్రుడొకరు, వాల్వుల ఆంప్లిఫయరు మీద ప్రాణం పెట్టుకొన్నవారు, తమ యంత్రాన్ని, నిలువెత్తు స్పీకర్ల జతను జీపులో వేసుకొని నాతో వచ్చినారు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. పుష్యమాసపు ఉదయాన పది అడుగుల దూరాన మనిషి కనబడడు. ఆ మంచులోనే, తెల్లవారీ తెల్లవారకముందే, డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు వాయింపించి రికార్డు చేసినాను. నాకు తొందర, మధ్యాహ్నానికి తిరిగి పోవలెనన్న పట్టుదల. జీపు చెడిపోయినందువల్ల పోలేదు, అది వేరు సంగతి.

సాయంకాలం ఒక బడి వసారాలో స్పీకర్లు నిలిపి, వాయించినవారినే శ్రోతలుగా కూర్చుండబెట్టినాము. వాల్వులు వేడెక్కితే గాని ధ్వని కుదురుకోదని నా మిత్రుడు అరగంట ఎవ్వరినీ మీట ముట్టనీయలేదు. ఈలోగా పిల్లలు ఉదయమే తమ ఫోన్లలో పట్టుకొన్న ఆ వాద్యాన్నే వేసుకొని వింటున్నారు. బాగున్నదంటే బాగున్నదని అందరూ తలలూపినారు.

తరువాత పెద్ద స్పీకర్లు పలికినవి. రెండు మైకులతో పట్టిన రికార్డు కనుక, వలయంగా కదిలే స్త్రీల అందెల మ్రోత ఎడమనుండి కుడికి నడిచిపోయినది. 1931లో ఇంగ్లండులో అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంజనీరు పేటెంటు కోరిన స్టీరియో పద్ధతి ఇదే. పిల్లలు తలలు త్రిప్పి చూచినారు. కాని డప్పు వాయించిన వృద్ధుడు మాత్రం ముఖం చిట్లించి, "డప్పు కాగనేదు బాబూ! మంచుకి తోలు సాగిపోనాది," అన్నాడు.

నిజమే. డప్పును మంటకు కాచి తోలు బిగిసిన పిమ్మట వాయించవలెను. నేను ఆగలేదు.

మరి ఈ లోపం ఫోనులో ఎందుకు తెలియలేదు? మనిషి చెవి సెకనుకు ఇంచుమించు 20 మొదలు 20,000 కంపనల వరకు గ్రహిస్తుంది. మంద్రధ్వని పుట్టవలెనంటే గాలిని విస్తారంగా కదిలించవలెను. గోరంత పొర గల ఫోను స్పీకరుకు ఆ శక్తి లేదు; కొన్ని వందల కంపనలకు దిగువ అది దాదాపు మౌనం వహిస్తుంది. తీగవాద్యమైతే పై స్వరాలను పట్టుకొని చెవి అడుగు స్వరాన్ని ఊహించుకొనగలదు. ఆ స్వరాలు రెట్టింపు, మూడు రెట్లు, ఇట్లు క్రమం తప్పకుండ ఉంటవి. తోలువాద్యాలలో సాధారణంగా ఆ క్రమం ఉండదు. మృదంగం, తబలాలలో మాత్రం నడిమి కరణి ఆ క్రమాన్ని తెచ్చిపెడుతున్నదని 1920లో చూపినవారు, చిన్ననాట విశాఖపట్టణంలో చదువుకొన్న సి. వి. రామన్ గారే. డప్పుకు కరణి లేదు. దాని అడుగు ధ్వని పోయినదంటే పోయినట్లే. మిగిలేది పుల్ల చప్పుడు. కాగిన డప్పుకు, కాగని డప్పుకు ఆ చప్పుడులో తేడా పట్టడం కష్టం.

మా రేడియో కూడ ఈ విషయంలో నిర్దోషి కాదు. మీడియంవేవ్ ప్రసారంలో శ్రోతకు అందేది ఇంచుమించు 5,000 కంపనల లోపు ధ్వనియే, ఎఫ్.ఎం.లో 15,000 వరకు అందుతుంది. అయితే వందల మీటర్ల పొడవు గల మీడియంవేవ్ తరంగం కొండను కొంతవరకు చుట్టుకొని రాగలదు. మూడు మీటర్ల ఎఫ్.ఎం. తరంగానికి కొండ గోడవంటిది. లోయవారికి మేలైన ధ్వని కష్టంగాను, నాసిధ్వని సులభంగాను చేరిన కారణం ఇదే.

ఆ రాత్రి వృద్ధుడు పాత రోజులు తలచుకొన్నాడు. విశాఖపట్టణ కేంద్రం 1963లో ఆరంభమైనది. ఆ తొలి రోజులలో ఊరికంతకు ఒకటే రేడియో. దాని చుట్టూ ఊరంతా చేరేది. ధ్వని నచ్చకపోతే పదిమందీ పైకే అనేవారట. ఇప్పుడు సంతనుండి వచ్చే కుర్రవాడు చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఒంటరిగా వింటాడు. అతని వినికిడి దరిద్రమైనదని నేననను. చెవిలోపల బాగుగా అమరిన మంచి ఇయర్‌ఫోను మంద్రధ్వనిని నా మిత్రుని స్పీకర్లంత చక్కగా అందించగలదు. నా బాధ వేరు. తప్పు వినిపించినప్పుడు ప్రక్కన కూర్చుండి "ఇది కాదు" అనే వృద్ధుడు ఆ చెవిలో ఉండడు. డప్పును రికార్డులోనే ఎరిగిన తరం వచ్చినప్పుడు, నేను తొందరపడి పట్టిన ఆ సాగిన తోలు మ్రోతయే అసలు డప్పుగా నిలిచిపోవచ్చును. ఆకాశవాణి భాండారంలో ఉన్నది గనుక సరియైనదే అనుకొంటారు.

జీపు మరునాటికిగాని బాగుపడలేదు. తెల్లవారి ఎండుపుల్లలు పోగుచేసి మంట వేసినారు. వృద్ధుడు డప్పును మంటకు చూపి, వ్రేలితో మీటి, మరల చూపి, నన్ను చాలాసేపు నిలువబెట్టినాడు. నా మిత్రుడు అరగంటకు సంతృప్తిపడే మనిషి. ఈయన గంటకుగాని "కానీ" అనలేదు. మొదటి రికార్డును ఆ ప్రక్కనే చెరిపివేసినాను. పిల్లవాడొకడు తన ఫోనులోని దానిని చెరపనన్నాడు. అందులో వాళ్ల అక్క అందెలు వినబడుతున్నవట.