బొగ్గు బెల్టులో దగ్గు ‘మామూలే’ కాదు

గోదావరిఖని, రామగుండం ప్రాంతాల్లో కాపురముంటున్న మన కుటుంబాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘ఈ ఊళ్ళో దగ్గు మామూలే’. డాబా మీద ఆరేసిన బట్టలు సాయంత్రానికి మాసిపోవడం మామూలే. మూత పెట్టని బిందెలో నల్లటి పొర తేలడం మామూలే. ముక్కు చీదితే చేతిరుమాలు నల్లబడడం మామూలే. ఇన్ని ‘మామూలే’ల మధ్య అసలు జబ్బును గుర్తించడం ఆలస్యమవుతోంది. ఆయాసం ముదిరాక గాని చాలామంది డాక్టరు దగ్గరికి వెళ్ళడం లేదు.

బొగ్గు ఈ ప్రాంతానికి అన్నం పెట్టింది. సింగరేణి బాయి పని మీద, కరెంటు కేంద్రాల మీద వేల కుటుంబాలు బతికాయి, పిల్లలు చదువుకున్నారు. రామగుండంలో 1978లో ఎన్టీపీసీకి పునాదిరాయి పడింది. 1983లో మొదటి యూనిట్ మొదలైంది. 2004 నాటికి దాని సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. ఆ పక్కనే 2023, 2024 సంవత్సరాల్లో 800 మెగావాట్ల యూనిట్లు మరో రెండు వచ్చాయి. గోదావరికి అవతల మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి సంస్థకే 1,200 మెగావాట్ల కేంద్రం ఉంది. వీటికి తోడు ఓపెన్‌కాస్ట్ గనుల్లో పేలుళ్ళు, డంపర్ల రాకపోకలు, ఓబీ మట్టి గుట్టలు, బొగ్గు లారీలు, బూడిద లారీలు. ఇవన్నీ కలిసిన గాలినే మనం పీలుస్తున్నాం.

కనిపించే దుమ్ము, కనిపించని దుమ్ము

బట్టల మీద, కిటికీ చువ్వల మీద పేరుకునే దుమ్మును చూసి మనం విసుక్కుంటాం. నిజానికి అందులో పెద్ద రేణువులను ముక్కు, గొంతు చాలావరకు ఆపేస్తాయి. అసలు ప్రమాదం కంటికి కనిపించని సన్నటి దుమ్ముతోనే. పి.ఎం. 2.5 అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ రేణువులు వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ఇవి ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల దాకా పోతాయి. వాటిలో మరీ సన్ననివి రక్తంలోకి కూడా చేరతాయి.

పొగ గొట్టం నుంచి వచ్చే గంధకపు వాయువు కూడా గాలిలో ప్రయాణిస్తూ ఇలాంటి సన్నటి రేణువులుగా మారుతుంది. అందుకే గొట్టం పక్కన ఉన్నవారికే కాదు, చాలా దూరంలోని ఊళ్ళకు కూడా దీని ప్రభావం ఉంటుంది. చలికాలం రాత్రుళ్ళు నేలకు దగ్గరి గాలి చల్లబడి కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు పొగ పైకి పోలేక ఊరి మీదే పరుచుకుంటుంది.

దెబ్బ గుండె మీద కూడా

పాడు గాలి అనగానే దమ్ము, ఉబ్బసం గుర్తుకొస్తాయి. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో బయటి గాలి కాలుష్యం వల్ల ప్రపంచంలో 42 లక్షల మంది ఆయుష్షు తీరకముందే చనిపోయారు. వారిలో మూడింట రెండు వంతుల మందిని బలిగొన్నవి గుండెజబ్బు, పక్షవాతం. రక్తంలో చేరిన సన్నటి దుమ్ము రక్తనాళాల్లో వాపు కలిగిస్తుంది, గడ్డలు కట్టే గుణాన్ని పెంచుతుంది. బి.పి., షుగర్ ఉన్నవారికి ఇది మరింత ప్రమాదం. గర్భిణులు ఇలాంటి గాలి పీలిస్తే నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటి ముప్పు పెరుగుతుంది. బయటి గాలి కాలుష్యం క్యాన్సర్ కారకమని ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లోనే ప్రకటించింది.

మన ఊరిలాంటి ఊరి కథ ఒకటి చూద్దాం. అమెరికాలో ఒహైయో నది ఒడ్డున స్టూబెన్‌విల్ అనే ఉక్కు మిల్లుల పట్నం ఉంది. ఆ పట్నంతో సహా ఆరు ఊళ్ళలో 8,000 మందికి పైగా పెద్దలను శాస్త్రజ్ఞులు 14 నుంచి 16 ఏళ్ళు గమనించి 1993లో ఫలితం ప్రకటించారు. గాలి అన్నిటికంటే శుభ్రంగా ఉన్న ఊరితో పోలిస్తే స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు 26 శాతం ఎక్కువని తేలింది. పొగతాగే అలవాటు వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్నాక మిగిలిన తేడా ఇది. అక్కడి వారికీ ఆ పొగ మామూలుగానే తోచి ఉంటుంది.

మన దేశ ప్రమాణం ప్రకారం ఘనపు మీటరు గాలిలో ఈ సన్నటి దుమ్ము ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మాత్రమే. అంటే ‘ప్రమాణం లోపలే ఉంది’ అన్నంత మాత్రాన హాని లేదని అర్థం కాదు.

ఇంట్లో చేయగలిగింది

బాయి నుంచి వచ్చిన బట్టలను పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. చీపురుతో పొడిగా ఊడిస్తే దుమ్ము మళ్ళీ లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. బొగ్గుల పొయ్యి ఇంకా వాడే ఇళ్ళలో దాన్ని మూసిన గదిలో ఎప్పుడూ రాజేయరాదు. చేతిరుమాలు కట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు, దానికి ఎన్-95 మాస్కు కావాలి. గురువారం సాయంత్రం, శుక్రవారం ఇంట్లో లోబాన్ వేయడం మనలో చాలామందికి అలవాటు. పసిపిల్లలు, దమ్ము రోగులు ఉన్న గదిలో ఆ పొగ వద్దు. సువాసన కోసం అత్తరు ఉంది.

ఉబ్బసం ఉన్నవారు రంజాన్‌లో పీల్చే మందు మానేసి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. సహరీ, ఇఫ్తార్ వేళలకు మందును సర్దుకోవచ్చేమో ముందే డాక్టరును అడగాలి. పీల్చే మందుతో రోజా భంగమవుతుందా అన్న విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. కాని రోగికి రోజాను తర్వాత పూర్తిచేసుకునే సౌలభ్యం ఉందన్న విషయంలో భేదం లేదు.

అడిగి సాధించుకోవలసింది

రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష, ఎక్స్‌రే చేయించాలి. అది క్షయ కావచ్చు, బొగ్గు ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. ఈ ధూళి జబ్బును చట్టం వృత్తి వ్యాధిగా గుర్తించింది, పరిహారానికి వీలు కల్పించింది. గని కార్మికుడికి కనీసం ఐదేళ్ళకొకసారి వైద్య పరీక్ష జరగాలని నిబంధన ఉంది. కాంట్రాక్టు కార్మికులు కూడా ఈ పరీక్ష అడిగి చేయించుకోవాలి, ఎక్స్‌రే కాగితాలు ఇంట్లో భద్రపరచుకోవాలి.

చిమ్నీ పొగలోని గంధకానికి కేంద్రం 2015 డిసెంబరులో కొత్త హద్దులు పెట్టింది. ఎన్నోసార్లు గడువులు పెంచి, చివరికి 2025 జులైలో పెద్ద నగరాలకు దూరంగా ఉన్న చాలా విద్యుత్ కేంద్రాలకు గంధకాన్ని కడిగే యంత్రం పెట్టనవసరం లేకుండా సడలింపు ఇచ్చింది. చిన్న పట్నంలో ఉన్నవారి ఊపిరితిత్తులు మాత్రం పెద్ద నగరాల వారికంటే గట్టివి కావు.

పెద్ద గనుల విస్తరణకు అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరగడం అమలులో ఉన్న పద్ధతి. ఆ సభకు మన మహల్లాల నుంచి ఎంతమంది వెళుతున్నాం? వెళ్ళినవారు ఉద్యోగాల గురించి అడుగుతారు, అడగాల్సిందే. దానితో పాటు మరో మూడు ప్రశ్నలు కూడా అడగాలి. మా వాడలో పి.ఎం. 2.5 ఎంత ఉంది? రోడ్ల మీద నీళ్ళు రోజుకు ఎన్నిసార్లు చల్లుతారు? బూడిద లారీలకు టార్పాలిన్ కప్పే బాధ్యత ఎవరిది? జవాబును సభ మినిట్సులో రాయించాలి.

ఇంట్లో ఎవరైనా ‘దగ్గు మామూలే’ అంటే, ఎన్ని వారాల నుంచి అని ఇవాళే అడగండి.