ధైర్యం ముందా, తొక్కడం ముందా?

ఆగిన సైకిల్ మీద రెండు కాళ్లూ ఎత్తితే పడిపోతాం. అదే కదులుతుంటే పడం. ఎందుకు? సైకిల్ ఎటు ఒరిగితే హ్యాండిల్ అటే కాస్త తిప్పితే, చక్రాలు మళ్లీ మన బరువు కిందికి వచ్చేస్తాయి. ఆగిన సైకిల్‌తో ఇది కుదరదు. బ్యాలెన్స్ వచ్చాకే తొక్కుతానంటే అది ఎప్పటికీ రాదు!

ధైర్యమూ అంతే. ‘నేను చేయగలను’ అనే నమ్మకానికి అన్నిటికన్నా బలమైన ఆధారం స్వయంగా చేసిన అనుభవమేనని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పారు.

మరి ఎలా మొదలుపెట్టాలి? సీటందని పిల్లల్ని చూడండి. కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, సగం సగం పెడల్ తొక్కుతూ వీధి చివరిదాకా వెళ్తారు. మోకాలు గీసుకుపోతుంది. మర్నాడు మళ్లీ వస్తారు. క్లాసులో చెయ్యెత్తాలంటే గుండె దడదడలాడుతోందా? మీరూ ఆ పిల్లల్లాగే రేపు ఒక్క చిన్న ప్రశ్న, ఆ దడతోనే అడగండి.