కరెంటు పోయినా ఇంజను ఆగదు

"గాల్లో ఉండగా కరెంటు పోతే విమానం పడిపోదుటే?" అని మా అత్తగారు అడిగారు. మామూలు రోజుల్లో అయితే నవ్వేవాళ్లం. చిక్కడపల్లిలో నలభై ఏళ్లుగా ఉంటున్న మనిషికి కరెంటు పోవడమంటే ఫ్యాను ఆగడం, మోటారు ఆడక పై ట్యాంకు ఖాళీ కావడం. ఆ రోజు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఆవిడ మనవరాలు, అంటే మా ఆడపడుచు కూతురు, అంతకు నాలుగు రోజుల ముందే ఒంటరిగా విమానం నడుపుతూ సరిగ్గా ఆ ఇబ్బందిలోనే పడి, క్షేమంగా దిగింది.

వాళ్లది నారాయణగూడ. తండ్రి విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. పిల్ల ఇంటర్‌లో ఎంపీసీ చదివినప్పటి నుంచీ పైలట్ అవుతానని ఒకటే పట్టు. డీజీసీఏ వాళ్లు పెట్టే రాత పరీక్షలకు అశోక్‌నగర్ సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని చదివేది. అక్కడ చుట్టూ ఉన్నవాళ్లంతా గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి కుస్తీ పడేవాళ్లే కదా. పక్క కుర్చీ అమ్మాయి "గ్రూప్ వన్నా, టూనా?" అని అడిగితే "మబ్బులు" అని చెప్పిందట మన పిల్ల. వాతావరణ శాస్త్రం ఒక పేపరు మరి! తరవాత పక్క రాష్ట్రంలో ఒక శిక్షణ సంస్థలో చేరింది. ఇంటి మీద అప్పు తెచ్చి కట్టారు ఫీజు. ఆ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఈ సంగతి విన్న మర్నాడే మా అన్నయ్యగారు "అప్పు పోతే పోయింది, పిల్ల దక్కితే చాలు, ఇంక పంపను" అని కూర్చున్నారు.

అసలేం జరిగిందో పిల్ల వచ్చాక నేను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. ముందు నాకర్థం కావాలి కదా, తరవాత కదా వాళ్లకు నచ్చచెప్పడం.

ఆమె నడిపింది సెస్నా 152. రెండే సీట్లు. ఎండ కాస్తున్న మధ్యాహ్నం, ఆకాశం శుభ్రంగా ఉంది. దిగాల్సిన చోటికి ఇంకా ఇరవై మైళ్లుందనగా ఎదురుగా చిన్న ఎర్ర దీపం వెలిగింది. వోల్టేజీ తగ్గిందని దానర్థం. అమ్మీటరు ముల్లు కూడా తప్పు వైపు వాలింది. అంటే కరెంటు తయారుచేసే ఆల్టర్నేటరు పని మానేసింది, ఇప్పుడు ఖర్చయ్యేదంతా బ్యాటరీలోంచే.

"మరి ఇంజను?" అన్నాను గుండె చిక్కబట్టుకుని.

"ఇంజనుకేం అత్తయ్యా, దాని దారి దానిదే" అంది.

ఇది తెలుసుకున్నాక నాకు సగం భయం పోయింది. మీరూ వినండి. ఒకప్పుడు మన వీధుల్లో లూనాలు తిరిగేవి, గుర్తుందా? పెడల్ తొక్కితే చాలు, దాని స్పార్కు అదే పుట్టించుకుని పోయేది. ఈ చిన్న విమానాల ఇంజనూ అంతే. మాగ్నెటో అనే పరికరం ఇంజనుతోపాటే తిరుగుతూ స్పార్కు ఇస్తుంది, బ్యాటరీతో పనిలేదు. అలాంటివి రెండుంటాయి. ఒక్కో సిలిండరుకి రెండేసి ప్లగ్గులు, ఒకటి మొరాయిస్తే ఇంకోటి. పెట్రోలు కూడా పైనున్న రెక్కల్లోంచి దానంతటదే కిందికి దిగుతుంది, పంపుతో పనిలేదు. వేగం చెప్పే మీటరు, ఎత్తు చెప్పే మీటరు గాలి ఒత్తిడితో నడుస్తాయి. విమానం ఒరిగిందా, సరిగ్గా ఉందా అని చూపించేదాన్ని ఇంజనుకు తగిలించిన వ్యాక్యూమ్ పంపు నడుపుతుంది. కొత్తగా వచ్చే విమానాల్లో వీటి బదులు టీవీ తెరల్లాంటివి ఉంటున్నాయి, వాటికైతే కరెంటు కావాలి. అందుకే వాటికి విడిగా ఇంకో చిన్న బ్యాటరీ కూడా పెడుతున్నారు.

మరి పోయేవేమిటి? రేడియో, లైట్లు, పెట్రోలు ఎంతుందో చూపించే ముళ్లు, దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వాలే ఫ్లాపులు. ఇవన్నీ కరెంటు సరుకే.

పిల్ల చేసిన మొదటి పని ఏమీ చేయకపోవడం. అంటే విమానాన్ని తిన్నగా, అదే ఎత్తులో పోనివ్వడం. దీపం వంక చూస్తూ చేతిలో పని మరిచిపోతే అదే అసలు ప్రమాదమట. తరవాత ఆల్టర్నేటర్ స్విచ్ ఒకసారి ఆపి వేసింది. దాని సర్క్యూట్ బ్రేకరు బయటికి వచ్చి ఉంటే లోపలికి నొక్కింది. కాసేపటికి అది మళ్లీ బయటికొచ్చేసింది. ఇంక దాని జోలికి పోలేదు. ఆల్టర్నేటరు కట్టేసి, లైట్లన్నీ ఆర్పేసి, ఒక్క రేడియో ఉంచుకుని టవరుతో సంగతి చెప్పింది. ఇన్వర్టర్ మీద ఇల్లు నడిచేటప్పుడు మనం ఫ్రిజ్, గీజర్ ఆపేసి ఒక ఫ్యాను, ఒక లైటు ఉంచుకుంటామే, అదే పద్ధతి. బ్యాటరీ బాగుంటే ఓ అరగంట వస్తుందని లెక్క వేసుకుంటారట. అయితే ఆ లెక్కను నమ్ముకుని షికారు చేయకూడదు. దగ్గర్లో ఎక్కడ దిగడానికి వీలుంటే అక్కడికి పోవాలి. రేడియో పోయిందని రాడారు తెర మీద వాళ్లకు తెలిసేలా 7600 అనే అంకె పెట్టే వీలుంది కానీ, దాన్ని పంపే ట్రాన్స్‌పాండరుకీ కరెంటే కావాలి. ఏం చెప్పినా బ్యాటరీలో ప్రాణం ఉండగానే చెప్పాలి.

పిల్ల విమానంలో బ్యాటరీ పాతదేమో, పది నిమిషాలకే మాట తెగిపోయింది. అప్పుడేం చేస్తారో తెలుసా? టవరు వాళ్ల దగ్గర లైట్ గన్ ఉంటుంది. దాంతో విమానం వైపు రంగు వెలుతురు వేస్తారు. గాల్లో ఉన్నవాళ్లకు నిలకడగా పచ్చరంగు వేస్తే దిగొచ్చు. నిలకడగా ఎరుపైతే ఇంకో విమానానికి దారిచ్చి చుట్టూ తిరుగుతుండాలి. ఎరుపు మిణుకుమిణుకుమంటే ఇక్కడ దిగొద్దని. రెక్కలు అటూ ఇటూ ఊపితే "అర్థమైంది" అన్నట్టు. ఇంత సాంకేతికం పెరిగినా చివరికి మాట పోతే సైగలే! పిల్ల పచ్చ వెలుతురు చూసి రెక్కలూపింది. ఫ్లాపులు రావు కాబట్టి మామూలుకంటే కాస్త వేగంగా వచ్చి, రన్‌వే కొంచెం ఎక్కువ వాడుకుని దిగింది. దిగాక కాళ్లు వణికాయని నాతో చెప్పింది, వాళ్ల నాన్నతో చెప్పొద్దంది. ఆయన ఈ పేజీ చదవరులెండి.

అన్నయ్యగారితో మాట్లాడటానికి నారాయణగూడ వెళ్లింది మేం ముగ్గురం. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి ఒకటే అడిగారు. "బ్రేకరు ఎన్నిసార్లు ఎక్కించావు?"

"ఒక్కసారే నాన్నా."

"రెండోసారి ఎందుకు చూడలేదు?"

"మళ్లీ కొట్టేసిందంటే లోపల ఎక్కడో తప్పుంది కదా. బలవంతంగా ఎక్కిస్తే వైరు కాలుతుంది. గాల్లో మంట లేస్తే ఎవరొస్తారు?"

ముప్పై ఏళ్లు సబ్‌స్టేషన్లలో పనిచేసిన మనిషి. ట్రిప్పయిన బ్రేకరును మొండిగా ఎక్కించి చేతులు కాల్చుకున్నవాళ్లను కళ్లారా చూసినవారు. "ఊ" అన్నారు. పంపుతాననలేదు, పంపననీ అనలేదు. కానీ ఆ సాయంత్రం కాగితం, పెన్సిలు తెచ్చి విమానంలో వైరింగ్ ఎలా ఉంటుందో గీసి చూపించమన్నారు. రాత్రి తొమ్మిదిన్నర దాకా తండ్రీకూతుళ్లు దాని మీదే ఉన్నారు. మా వదిన రెండుసార్లు అన్నానికి పిలిచి విసుక్కుంది.

భయపడాల్సిందే లేదని నేననడం లేదు. ఇదే రాత్రిపూట అయితే, మబ్బుల్లో అయితే, కథ వేరు. 1983 అక్టోబరు 11 రాత్రి అమెరికాలో ఎయిర్ ఇల్లినాయిస్ వారి విమానం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లేచిన కాసేపటికే ఒక జనరేటరు పోయింది. కంగారులో కో-పైలట్ బాగున్న రెండోదాన్ని వేరుచేశాడు. అది మళ్లీ కలవలేదు. వెనక్కి తిరిగితే దగ్గర్లోనే మంచి వాతావరణం. కెప్టెన్ మాత్రం బ్యాటరీ మీదే కార్బన్‌డేల్ పోదామనుకున్నాడు. చేరేలోపే బ్యాటరీ అయిపోయింది. చీకట్లో, మబ్బుల్లో విమానం కూలి పదిమందీ పోయారు. అది హెచ్ఎస్ 748 రకం. మన దేశంలో కాన్పూరులో తయారై "ఆవ్రో" అని పిలిపించుకున్నది అదే. దుండిగల్ అకాడమీలో శిక్షణ పొందిన హరితా కౌర్ డియోల్ 1994లో వాయుసేనలో ఒంటరిగా నడిపి పేరు తెచ్చుకున్నదీ ఆవ్రోనే. కాబట్టి తప్పు విమానానిది మాత్రమే అనలేం. ఆ రాత్రి ఇంటికి త్వరగా పోదామన్న తొందర కూడా ఉంది.

పిల్ల ఇప్పుడు మళ్లీ శిక్షణకు వెళ్లింది. రాత్రి ప్రయాణాల పాఠం మొదలైందట. సంచిలో ఒకటి కాదు, రెండు టార్చిలైట్లు పెట్టి పంపింది మా అన్నయ్యగారే. ఒకదానికి ఎర్ర గాజు కాగితం కూడా అంటించారు, తెల్ల వెలుతురైతే చీకటికి అలవాటుపడిన కళ్లు చెదురుతాయని పిల్ల చెబితే.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పట్టు పట్టిన అమ్మాయి ఉంటే ఒక సంగతి చెప్పాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మాథ్స్ చదివినవాళ్లకు దారి సులువు. కమర్షియల్ లైసెన్సుకి పద్దెనిమిదేళ్లు నిండాలి, రెండొందల గంటలు నడిపి ఉండాలి. వీటన్నిటికంటే ముందు వైద్య పరీక్ష. మొదట క్లాస్ టూ, తరవాత క్లాస్ వన్, డీజీసీఏ ఒప్పుకున్న డాక్టర్ల దగ్గరే చేయించాలి. అందులో రంగులు గుర్తుపట్టే పరీక్ష ఒకటుంది. ఎరుపు, పచ్చ తేడా ఎందుకంత పట్టించుకుంటారో లైట్ గన్ సంగతి విన్నాక నాకర్థమైంది. లక్షల ఫీజు కట్టేశాక కాదు, కట్టే ముందే ఆ పరీక్ష చేయించండి.