రైలు వాటాల వెఱ్ఱి

2000వ సంవత్సరము మార్చి 10వ తేదీన అమెరికాలో నాస్‌డాక్ సూచిక, అనగా నూతన యంత్రవిద్యల కంపెనీల వాటాల వెలను తెలుపు సంఖ్య, 5,048 వరకు ఎగబ్రాకెను. 2002 అక్టోబరు 9వ తేదీ నాటికి అదియే 1,114కు దిగజారెను. ఇంటర్నెట్టు అబద్ధము కాదు. దానిపై జనులు కట్టిన వెలయే అబద్ధము. ఇట్టి వింత ఇంగ్లండులో అంతకు నూటయేబది యేండ్ల క్రిందటనే జరిగినది. అప్పటి నూతన విద్య రైలు.

1830లో లివర్పూలు, మాంచెస్టరు నగరముల నడుమ ఆవిరి బండ్లు నడువసాగెను. ఆ కంపెనీకి మంచి లాభములు వచ్చుట చూచి తక్కిన పట్టణములవారును కంపెనీలు స్థాపించిరి. రైలుమార్గము వేయుటకు లక్షలకొలది పౌనులు కావలెను. అంత ధనము ఒక్కని వద్ద నుండదు కనుక దానిని చిన్న భాగములు చేసి పలువురికి అమ్ముదురు. ఆ భాగమే వాటా. ఇంతవరకు తప్పేమియు లేదు.

కాని 1845లో వాటాల నమ్మిన విధమును చూడుడు. 50 పౌనుల వాటాకు ఆరంభమున పదవ వంతు, అనగా 5 పౌనులు, చెల్లించిన చాలును. తక్కిన 45 పౌనులు కంపెనీ కోరినప్పుడు కట్టవలెను. ఆ కాగితము మఱునాడే 8 పౌనులకు అమ్ముడుపోయినచో, ఒక్క పట్టాయైనను పరువకమునుపే 3 పౌనుల లాభము! కావున కొనువారు రైలును గూర్చి విచారించుట మానిరి. తమకంటె హెచ్చు వెల యిచ్చువాడు రేపు దొరకునా యనునదే వారి చింత. వెల పెరుగుచున్నదని కొనిరి; కొనుటచే వెల మఱింత పెరిగెను. మిగిలిన 45 పౌనుల మాట పలువురు మఱచిరి.

కొత్త మార్గముల పటములను ఆ యేడు నవంబరు 30వ తేదీ అర్ధరాత్రిలోగా ప్రభుత్వమునకు అందజేయవలెనని గడువు. ప్రత్యర్థుల పటములను తమ బండ్లలో ఎక్కించుకొనుటకు ఒక పాత కంపెనీ నిరాకరింపగా, వారు వానిని శవవాహనములో దాచి తీసికొనిపోయిరని ఒక కథ కలదు. నిజమో కాదో కాని, ఆనాటి వేడికి తగిన కథయే. 1846లో పార్లమెంటు 250కి పైగా రైలు శాసనములను ఆమోదించెను. వానిలో దాదాపు మూడవ వంతు మార్గము లెన్నడును వేయబడలేదు.

అప్పటికే గాలి మాఱినది. 1845 అక్టోబరులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు వడ్డీని రెండున్నర నుండి మూడు శాతమునకు పెంచెను. పెంచినది అర శాతమే. కాని వెలలు తగ్గసాగెను. పిమ్మట మిగిలిన సొమ్ము కట్టుడని కంపెనీల తాఖీదులు వచ్చెను. కట్టలేనివారు వచ్చిన వెలకు అమ్మజూచిరి. అమ్మువారు పెక్కండ్రు, కొనువారు కొందఱు.

బుద్ధిహీనులే ఇందులో చిక్కిరని తలంపరాదు. ‘జేన్ ఐర్’ నవలను రచించిన షార్లెట్ బ్రాంటీకి, ఆమె చెల్లెండ్రు ఎమిలీ, యాన్‌లకు యార్క్ అండ్ నార్త్ మిడ్లాండ్ రైల్వేలో వాటాలుండెను. ఆ కంపెనీ అధ్యక్షుడు జార్జి హడ్సను. జనులతనిని రైల్వే రాజు అనిరి. మూలధనమునుండియే అతడు లాభములు పంచుచుండెనని 1849లో విచారణలో బయటపడెను. వాటాల నమ్మివేయుట మేలని షార్లెట్‌కు 1846లోనే తోచెను. కాని లెక్కలు చూచుచుండిన ఎమిలీ అంగీకరింపలేదు. చెల్లెలి మనసు నొప్పించుటకంటె నష్టమునకు ఓర్చుకొనుటయే మేలని అక్క ఊరకుండెను. 50 పౌనుల వాటా ఒకప్పుడు 120కి ఎగసి, ఇప్పుడు 20కి దిగినదని షార్లెట్ 1849లో ఒక లేఖలో వ్రాసెను. అప్పటికి చెల్లెండ్రిద్దఱును జీవించి లేరు.