మీ మోచేతి నొప్పి రాకెట్ పిడిలో ఉందేమో చూడండి!

ఉదయం కాఫీ గ్లాసు ఎత్తుతుంటే మోచేతి వెలుపలి వైపు కలుక్కుమంటోందా? తడిబట్ట పిండాలన్నా, తాళంచెవి తిప్పాలన్నా ప్రాణం పోతున్నట్టుందా? వాతం చేసిందనుకుని తైలాలతో మర్దనా మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. మీరు ఈమధ్య షటిల్ ఆడుతున్నారా? అయితే రాకెట్‌ను ఒకసారి చేతిలోకి తీసుకోండి. పిడికి చుట్టిన గ్రిప్ అరిగి, నల్లబడి, అద్దంలా నున్నగా తయారైందేమో చూడండి.

ఈ నొప్పిని వైద్యులు టెన్నిస్ ఎల్బో అంటారు. పేరు అదేగాని, దీనితో బాధపడేవారిలో చాలామంది జన్మలో టెన్నిస్ ఆడి ఎరుగరు. 1873లో దీన్ని మొదట వర్ణించిన రూంగె అనే జర్మన్ వైద్యుడు దీన్ని రాతపని చేసేవారి బాధగా చెప్పాడు. వడ్రంగులకూ వస్తుంది, రోజూ బట్టలు పిండే ఇల్లాళ్ళకూ వస్తుంది. సచిన్ టెండూల్కర్ అంతటివాడు దీనివల్ల 2004లో కొన్నాళ్ళు ఆటకు దూరమై, 2005లో ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది.

అసలు జరిగేదేమిటంటే, మణికట్టును వెనక్కి ఎత్తే కండరాలు ముంజేతి పైభాగాన ఉంటాయి. టెండాన్ అనే గట్టి తాడు వాటిని మోచేతి వెలుపలి బొడిపెకు అంటిపెడుతుంది. పిడికిలి బిగించినప్పుడల్లా మణికట్టు ముడుచుకుపోకుండా నిలబెట్టేది ఈ కండరాలే. ఎడమ చేతిని కుడి ముంజేతిమీద వేసి, కుడి పిడికిలి గట్టిగా బిగించి చూడండి, మీకే తెలుస్తుంది. గంటసేపు ఆటలో రాకెట్ ఎక్కడ జారిపోతుందోనని బిగించి పట్టుకున్నారనుకోండి, ఆ గంటా ఆ తాడు లాగుడు పడుతూనే ఉంటుంది. దెబ్బతిన్న పోగులు మానకముందే మర్నాడు మళ్ళీ ఆట! నలభై దాటినవారిలో మానడం మరీ నెమ్మది.

చెయ్యి జారడానికి కారణం చెమట. షటిల్ పక్కకు కొట్టుకుపోతుందని ఆటస్థలం లోపల ఫాన్లు వెయ్యరు. ఇక మన విజయవాడ, రాజమండ్రి వేసవి సంగతి చెప్పాలా? అందుచేత గ్రిప్ కొనేటప్పుడు రంగు చూడకండి. మీ చెయ్యి ఎంత చెమట పడుతుందో చూసుకోండి.

షాపులో మూడు రకాలు చూపిస్తారు. మొదటిది రాకెట్‌తో వచ్చే మందపాటి సింథటిక్ గ్రిప్ లాంటిది. పాతదాన్ని పూర్తిగా ఊడదీసి దీన్ని చుట్టాలి. పాతదానిమీదే చుడితే పిడి రోకలిబండలా తయారవుతుంది. రెండోది ఓవర్‌గ్రిప్. ఇది మిల్లీమీటరు మందం కూడా ఉండదు, ఉన్నదానిమీదే చుట్టుకోవచ్చు. చవక కూడా. వారానికి మూడు నాలుగు రోజులు ఆడేవారు దీన్ని తరచుగా మార్చుకోవడమే అన్నిటికంటే సుళువు. మూడోది తువ్వాలు గుడ్డతో చేసిన నూలు గ్రిప్. అరచేయి ధారలు కట్టేవారికి దీన్ని మించింది లేదు. కాని ఇది చెమట పీల్చి త్వరగా అట్టకడుతుంది, వాసన వేస్తుంది. శ్రద్ధగా మార్చుకోలేనివారు దీని జోలికి పోకపోవడమే మంచిది. రబ్బరు తగిలితే చర్మం దద్దుర్లెక్కే తత్వం ఉన్నవారికీ నూలుదే నయం.

ఇక సైజు. షటిల్ రాకెట్లమీద జి4, జి5 అని ఉంటుంది. చాలా కంపెనీల లెక్కలో అంకె పెరిగితే పిడి సన్నబడుతుంది. టెన్నిస్ రాకెట్లలో ఇది తారుమారు! జి4 పిడి చుట్టుకొలత దాదాపు 3.25 అంగుళాలు. జి5 అంతకంటే తక్కువ. ఓవర్‌గ్రిప్ చుట్టే అలవాటుంటే సన్నపు పిడి తీసుకోవడం మేలు. పట్టుకున్నప్పుడు మీ వేలికొనలు అరచేతిలో గుచ్చుకుంటున్నాయా? పిడి సన్నం. వేళ్ళు చుట్టూ తిరగక చాచుకుని ఉన్నాయా? లావు.

అయితే సైజు మారిస్తే నొప్పి మాయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 2006లో అమెరికాలో టెన్నిస్ ఆటగాళ్ళపై జరిపిన పరీక్షలో, పిడి చుట్టుకొలతను పావు అంగుళం అటూ ఇటూ మార్చినా ముంజేతి కండరాల శ్రమలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. నా మటుకు నేను సైజుకంటే ముందు జారుడు పోగొట్టమంటాను. జారని పిడిని ఎదుటివారితో చెయ్యి కలిపినంత వదులుగా పట్టుకోవచ్చు. షటిల్‌ను కొట్టే క్షణంలో మాత్రమే వేళ్ళు బిగిస్తే చాలు.

బొటనవేలి మొదట్లో కీలు అరిగిన పెద్దల సంగతి వేరు. వారికి కాస్త లావుపాటి, మెత్తని పిడి హాయిగా ఉంటుంది. గోల్ఫ్ ఆడే వృద్ధులు లావు గ్రిప్పులు వేయించుకునేది అందుకే. ఇంట్లో చాకు, స్క్రూడ్రైవర్ కొనేటప్పుడు కూడా లావుపాటి పిడి ఉన్నవే చూసుకోండి.

నొప్పి ఇప్పటికే పట్టుకున్నవారు కొన్ని వారాలు ఆట తగ్గించాలి, నొప్పి పెంచే దెబ్బలు మానాలి. అలాగని చేతిని మెడకు వేలాడగట్టుకుని కూర్చోవద్దు. ముంజేతిని బల్లమీద ఆనించి, అరచేయి కిందికి ఉండేలా మణికట్టు అంచు దాటి బయటకు పెట్టండి. అరలీటరు నీళ్ళసీసా పట్టుకుని మణికట్టును మెల్లగా కిందికి దించండి. పైకి తేవడానికి రెండో చెయ్యి సాయం పట్టండి. ఇలా పది పదిహేనుసార్లు. కొద్దిగా నొప్పి ఉన్నా ఫరవాలేదు, ఎక్కువైతే ఆపండి. ఒక్క ఇంజెక్షన్‌తో పోతుందని తొందరపడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. స్టిరాయిడ్ ఇంజెక్షన్ మొదటి వారాల్లో గొప్ప ఉపశమనం ఇస్తుంది. ఏడాది తిరిగేసరికి మాత్రం అది చేయించుకోనివారే మెరుగ్గా ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. చాలామందికి ఏడాదిలోగా నొప్పి దానంతటదే తగ్గుతుంది.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నా, మోచేయి వాచి జ్వరం వచ్చినా, కిందపడిన తర్వాత నొప్పి మొదలైనా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. ఆట మధ్యలో ఛాతీ బరువెక్కి, చెయ్యి లాగుతూ, చల్లని చెమటలు పడితే అది రాకెట్ వల్ల వచ్చింది కాదు. అక్కడే ఆట ఆపి కూర్చుని, ఎవరినైనా పిలిచి వెంటనే 108కి ఫోన్ చేయించండి.