మైలేజీ పెరిగింది నిజమే, పెంచిందెవరు?

గత మే నెలాఖరున మన కార్యవర్గ సమావేశం ముగిసి అందరం కాఫీలు తాగుతున్నాం. మిత్రులొకరు జేబులోంచి అగ్గిపెట్టెంత పరికరం తీసి బల్ల మీద పెట్టారు. స్టీరింగు కింద, మెకానిక్కులు తమ కంప్యూటరు తగిలించే సాకెట్టులో దాన్ని గుచ్చితే చాలునట. గ్యాసు ఖర్చులో అయిదో వంతు మిగులుతుందని డబ్బా మీద రాసి ఉంది.

"డబ్బా మీది రాత సంగతి వదిలెయ్యండి. నేను సంక్రాంతికి పెట్టాను. అప్పుడు గాలనుకు 24 మైళ్లు వచ్చేది, ఇప్పుడు 27 వస్తోంది. లెక్క రాసి పెట్టుకున్నాను" అన్నారాయన.

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అప్పటికే సొంత డబ్బుతో 50 పరికరాలు తెప్పించారు కూడా. దసరా వేడుకలో సభ్యులకు అమ్మి, లాభమంతా మన తెలుగు బడి పుస్తకాలకు ఇస్తామన్నారు. అందుకు ఈ పత్రికలో ఒక పేజీ ప్రకటన కావాలన్నారు.

కోశాధికారి ముఖం విప్పారింది. నిజం చెప్పాలంటే మాకూ ఆశ పుట్టింది. బడి పిల్లలు జిరాక్సు కాగితాలతో నెట్టుకొస్తున్న సంగతి అందరికీ తెలిసిందే. కానీ ఈ పేజీల్లో పడిన మాటను సభ్యులు మా మాటగా తీసుకుంటారు. అందుకని "కొంచెం గడువివ్వండి, చూసి వేస్తాం" అన్నాం. ఆ చూడటానికి వేసవంతా పట్టింది.

ముందుగా పాత సంగతి కొంత. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపినప్పుడు ఇక్కడి గ్యాసు స్టేషన్ల ముందు కార్లు బారులు తీరాయి. 1974లో దేశమంతటా గంటకు 55 మైళ్ల వేగపరిమితి వచ్చింది. ఆ రోజుల్లోనే ఇలాంటి పరికరాలు కుప్పతెప్పలుగా బజారుకెక్కాయి. గ్యాసు గొట్టానికి కట్టే అయస్కాంతాలు, కార్బురేటరు కింద బిగించే జల్లెడలు, అదనపు గాలి పంపే కవాటాలు, ఒకటా రెండా! జనం డబ్బు పోగొట్టుకోకుండా వీటిని పరీక్షించే బాధ్యతను 1975 నాటి చట్టం పర్యావరణ పరిరక్షణ సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ ప్రయోగశాల మనకు దగ్గర్లోనే, ఆన్ ఆర్బర్‌లో ఉంది.

అక్కడి పద్ధతి తెలుసుకోదగ్గది. కారును రోడ్డు మీద కాకుండా రోలర్ల మీద నడుపుతారు. ఏ క్షణాన ఎంత వేగముండాలో ముందే నిర్ణయమై ఉంటుంది. గది ఉష్ణోగ్రతకూ హద్దులుంటాయి. పొగగొట్టంలోంచి వచ్చే వాయువుల్ని పట్టి, అందులోని కార్బన్‌ను కొలిచి, ఎంత గ్యాసు కాలిందో లెక్క కడతారు. పరికరం ఉన్నప్పుడూ లేనప్పుడూ మిగతా అన్నీ ఒక్కలాగే ఉండాలన్నది అక్కడి నియమం. ఇలా వందకు పైగా పరికరాలను ఆ సంస్థ పరిశీలించింది. వాటిలో కొద్దిపాటి ఫలితం చూపినవి ఏ కొన్నో ఉన్నాయి. చెప్పుకోదగ్గంతగా మైలేజీ పెంచినది మాత్రం ఒక్కటీ కనబడలేదు. పైగా కొన్నిటి వల్ల పొగలో విషవాయువులు పెరిగాయి.

ఎందుకిలా? "కాలకుండా పోయే గ్యాసును కాలుస్తాం" అన్నది చాలా పరికరాల వాదన. మంచి స్థితిలో ఉన్న నేటి ఇంజనులో వేసిన గ్యాసులో నూటికి 97 పాళ్లకు పైగా కాలనే కాలుతుంది. మిగిలిన రెండు మూడు పాళ్లను పూర్తిగా కాల్చినా అయిదో వంతు ఆదా ఎక్కడి నుంచి వస్తుంది? అసలు నష్టమంతా వేడి రూపంలో రేడియేటరు నుంచీ పొగగొట్టం నుంచీ పోతోంది. సాకెట్టులో గుచ్చిన అగ్గిపెట్టె ఆ వేడిని ఆపలేదు.

ఇదంతా విని మా మిత్రులు, "ప్రయోగశాల మాట సరే, మరి నా లెక్క మాటేమిటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆయన నోటుబుక్కు తెప్పించి చూశాం. కూడికలూ భాగహారాలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పొరపాటంతా తేదీల్లో ఉంది.

ఆయన పరికరం పెట్టింది జనవరిలో. మన మిషిగన్ జనవరి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. చలిలో ఇంజను ఆయిలు చిక్కబడుతుంది, టైర్లలో గాలి తగ్గుతుంది, బండి వేడెక్కేదాకా వాకిట్లో నిలబెట్టి తిప్పుతాం. చలికాలపు గ్యాసులో శక్తి కూడా ఒక పిసరు తక్కువే. 77 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద ఊళ్లో వచ్చే మైలేజీ 20 డిగ్రీల వద్ద సుమారు నూటికి 15 పాళ్లు పడిపోతుందని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 24 నుంచి 27కు పెరుగుదల నూటికి పన్నెండున్నర. వసంతం రావడమే అందుకు చాలు. కాకి వాలడం, తాటిపండు పడటం ఒక్కసారే జరిగాయి.

ఇంకొకటి కూడా ఉంది. డబ్బు పెట్టి కొన్నాక ఫలితం చూడాలనే ఆత్రంతో మనకు తెలియకుండానే నెమ్మదిగా నడుపుతాం. గ్యాసు మిగిల్చేది అప్పుడు మన కాలే. పరికరం కాదు.

అందుకని జూన్‌లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. వారి శ్రీమతి పది చీటీలు రాశారు. అయిదింటి మీద "ఉంది", అయిదింటి మీద "లేదు". ట్యాంకు నింపినప్పుడల్లా ఒక చీటీ తీసి, దాని ప్రకారం పరికరాన్ని గుచ్చడమో తీసెయ్యడమో ఆవిడే చేశారు. దాని మిణుకు దీపాలు కనబడకుండా ఆ చోటును గుడ్డతో మూశారు. ఏది ఎప్పుడున్నదో మా మిత్రులకు చెప్పలేదు. "ముప్పయ్యేళ్ల కాపురంలో ఆయన దగ్గర దాచిన రహస్యం ఇదొక్కటే" అన్నారావిడ. ఒకే స్టేషను, ఒకే పంపు, పంపు తనంతట తాను ఆగగానే ఇక పొయ్యకూడదన్నది షరతు.

సెప్టెంబరు మొదటివారానికి పది ట్యాంకులు పూర్తయ్యాయి. ఉన్నప్పుడు సగటు 27.4 మైళ్లు. లేనప్పుడు 27.6. విడివిడిగా చూస్తే ఒక ట్యాంకు 26 ఇచ్చింది, ఇంకొకటి 29 ఇచ్చింది. ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్యే ఇంత తేడా ఉంటే, ఆ 0.2కు అర్థం లేదు. ఒక్క ట్యాంకు చూసి తీర్పు చెప్పరాదన్నది కూడా ఇందులోనే తేలింది. తరవాత ఎలక్ట్రానిక్స్ తెలిసిన సభ్యులొకరు పరికరాన్ని విప్పారు. లోపల దీపాలు వెలిగించే చిన్న ఏర్పాటు తప్ప, కారు కంప్యూటరుతో మాట్లాడే తీగలకు సంబంధమే లేదు.

లెక్కలు చూసి మా మిత్రులు కాసేపు మాట్లాడలేదు. తరవాత "ప్రకటన వద్దు" అన్నారు. తిరిగి ఇచ్చే గడువు ఎప్పుడో దాటిపోయింది. మిగతా పరికరాలు ఆయన గరాజులోనే ఉన్నాయి. "సగం ధరకైనా తీసుకుంటాం, మిణుకుమంటూ బాగున్నాయి" అని ఒకరిద్దరు అన్నా ఆయన ఒప్పుకోలేదు. ఇది ఇక్కడ రాయడానికి మాత్రం ఒప్పుకున్నారు. అందుకు ఆయనకు మనమంతా రుణపడి ఉన్నాం.

మరి నిజంగా గ్యాసు మిగిల్చేవి లేవా అంటే ఉన్నాయి. కొనక్కర్లేనివి. దూకుడుగా తొక్కి, ఒక్కసారిగా బ్రేకు వేసే అలవాటు హైవే మీద మైలేజీని నూటికి 15 నుంచి 30 పాళ్ల దాకా తగ్గిస్తుంది. 50 మైళ్ల వేగం దాటాక ఖర్చు చకచకా పెరుగుతుంది. కారు నెత్తిన ఖాళీ సామాను పెట్టె మోస్తూ తిరిగితే గాలికి అడ్డమే. నాలుగు టైర్లలోనూ గాలి ఒక్కొక్క పౌను తగ్గితే మైలేజీ నూటికి 0.2 పడిపోతుంది. ఇంజను దీపం వెలిగితే నిర్లక్ష్యం చెయ్యకండి. ఆక్సిజన్ సెన్సరు పాడైతే నూటికి 40 పాళ్ల దాకా నష్టపోవచ్చు.

ఇండియా నుంచి బావగారో తమ్ముడో ఫోను చేసి ఇలాంటిది పంపమంటే ఒక్కటే అడగండి: "ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒకే కాలంలో, ఒకే దారిలో చూశారా?" అని. జవాబు వచ్చేదాకా పర్సు తీయకండి.

వచ్చే నెల దసరా వేడుక నాడు మా మిత్రులు టైరు గేజీ, గాలి పంపు పట్టుకుని పార్కింగులో ఉంటారు. మీ టైర్లు చూసి, గాలి తక్కువైతే కొట్టి పెడతారు. పక్కనే తెలుగు బడి పుస్తకాల హుండీ ఉంటుంది. తోచినంత వెయ్యండి. కొంచెం ముందుగా రండి.